రాకాసిగుళ్లు – మట్టికుండలు

తెలుగునాట ఊరికి దూరముగా బంజరునేలలో వలయాకారముగ నిలిచియున్న రాళ్లను మనవారు రాకాసిగుళ్లందురు. అవి రాకాసులవియు కావు, గుళ్లును కావు. క్రీస్తుకు పూర్వము ఇనుము వాడనేర్చిన జనులు తమ మృతుల నుంచిన సమాధులవి. రాతిపలకలను నేలలో పెట్టెవలె కూర్చి, ఎముకలతోబాటు ఇనుప పనిముట్లను, కుండలను, అవి దొరలకుండ మట్టి కుదుళ్లను అమర్చిరి. ఆ కుండలు లోపల నలుపు, వెలుపల క్రిందిభాగమున ఎరుపు. బోర్లించి కాల్చుటచే గాలి సోకనిచోట నల్లనై, సోకినచోట ఎర్రనైనవని పండితులు పలువురి మతము.

తమిళనాట ఆదిచ్చనల్లూరులో మృతులను పెద్ద మట్టిబానలలో నుంచిరి. అచ్చట 1899 మొదలు 1905 వరకు అలెగ్జాండరు రీ త్రవ్వించగా పాత్రలలో వరిపొట్టు, చిరుధాన్యపు పొట్టు కానవచ్చెను. చచ్చినవానికి సైతము కూడు పెట్టిన జాతిని అనాగరికమనుటకు నోరెట్లాడును?

1876లో యాగోర్ అను జర్మను దేశీయుడు ఆదిచ్చనల్లూరు పాత్రలను బెర్లినుకు గొనిపోయెనని మనము కోపింతుము. మన గునపములు పగులగొట్టినవానికై ఎవరిపై కోపింతుము? నిధికై త్రవ్వువాడు బంగారము కానక కుండను బ్రద్దలుకొట్టును. కంకరకై రాయి కొట్టువాడు సమాధినే మాపును. వ్రాత లేని జనులకు ఆ కుండయే దస్తావేజు. ఉన్నచోటినుండి పెరికిన కుండ, దస్త్రమునుండి చింపిన కాగితము వంటిది. అది ఎవరి పక్షమునను సాక్ష్యము పలుకజాలదు.

శాసనములు లేవా యందురేమో! 1878 నాటి నిధి శాసనము పదిరూపాయలకు మించిన వెలగల నిధి దొరకినప్పుడే కలెక్టరునకు తెలుపుమనును. పగిలిన కుండకు వెలకట్టువాడెవడు? 1958 నాటి కేంద్రశాసనము జాతీయ ప్రాముఖ్యము గలవని ప్రకటితమైన స్థలములనే కాపాడును. బంజరులోని పేరులేని సమాధికి దాని నీడ సోకదు.

బ్రతికినవారికే కూడు కరవైయుండ చచ్చినవారి కుండలేలయని కొందరు ఆక్షేపింతురు. మేము కాసడుగుట లేదు; గునపము నాపుమనుచున్నాము. కుండను పగులగొట్టినందున ఏ పేదవాని కడుపు నిండినది?

పఠనమందిరములలోని యువకులారా! ప్రభుత్వము మేల్కొనువరకు కాచియుండకుడు. మీ యూరి రాకాసిగుళ్లను లెక్కింపుడు. సర్వే నంబరుతో వ్రాసి కలెక్టరునకును పురావస్తుశాఖకును పంపుడు. వాటి జోలికి ఎవరును పోరాదని పంచాయతీచే తీర్మానము చేయింపుడు. ఒక్క కుండనైనను మీరు త్రవ్వకుడు. పూర్వుల ఘనతను సభలలో చాటుట సులభము. వారి సమాధిని కాచుటయే కర్తవ్యము.