కమిట్‌లో లేని పేరు

మా ఆఫీసులో ఏ లైను ఎవరు రాశారో ‘గిట్ బ్లేమ్’ అని కొడితే చాలు, పేరుతో సహా తెలిసిపోతుంది. పోయిన నెల అమ్మ బయాప్సీ రిపోర్టు తెచ్చుకుంటే దాని మీద ఒక్కటే పేరు ఉంది, పెథాలజిస్టుది. (రిపోర్టు నార్మలే, కంగారు పడకండి.)

ఆ సంతకం ఉండాల్సిందే. పెథాలజీలో పీజీ చేసిన డాక్టరే రిపోర్టు మీద సంతకం పెట్టాలని 2017లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. కానీ డాక్టరు మైక్రోస్కోపులో చూసేలోపు ఆ చిన్న ముక్కకి చాలా జరుగుతుంది. ఫార్మలిన్‌లో నానబెట్టి, తడంతా తీసేసి, మైనంలో దిమ్మగా పోస్తారు. మైక్రోటోమ్ మీద నాలుగైదు మైక్రాన్ల పొరలుగా కోస్తారు. తల వెంట్రుక మందం కంటే ఎన్నో రెట్లు పల్చన! గోరువెచ్చని నీళ్ల మీద తేల్చి, గాజు స్లైడు మీదకి ఎత్తి, ఊదా, గులాబీ రంగులు ఎక్కిస్తారు. పొర ముడత పడినా, ఇద్దరి లేబుళ్లు తారుమారైనా, ఎంత గొప్ప డాక్టరైనా ఏం చేయగలరు? ఇదంతా ల్యాబ్ టెక్నీషియన్ పని. అమెరికాలో అయితే ఆపరేషన్లో తీసిన భాగాన్ని పరిశీలించి, ఎక్కడ కోయాలో ఎంచడానికి ‘పెథాలజిస్ట్స్ అసిస్టెంట్’ అని మాస్టర్స్ చదివినవాళ్లు ఉంటారు.

పేరు మిస్సవడం మన సికింద్రాబాద్‌కి కొత్తేం కాదు. బేగంపేటలో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసింది 1897 ఆగస్టు 20న. దానికి 1902లో నోబెల్ వచ్చింది. ఆ దోమలకి రక్తమిచ్చిన పేషెంటు హుసేన్ ఖాన్ పేరు చరిత్రలో ఉంది. కుట్టిన ఒక్కో దోమకి ఒక అణా ఇచ్చారు మరి! అదే రోజుల్లో, గోడ మీద తోక పైకెత్తి కూర్చున్న ఓ చిన్న దోమని రాస్‌కి చూపించింది ఆస్పత్రి అసిస్టెంటు. అనాఫిలిస్‌ని గుర్తుపట్టడానికి ఈరోజుకీ చెప్పే గుర్తు ఆ కూర్చునే తీరే. ఆయన పేరు? మర్చిపోయానని, అందుకు విచారంగా ఉందని రాస్ తన ఆత్మకథలో రాసుకున్నాడు.

2021లో కేంద్రం అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం తెచ్చింది. ల్యాబ్ చదువులు చదివినవాళ్లకీ ఇక రిజిస్టర్‌లో పేరు ఉండాలి. మంచిదే. రిజిస్టర్‌లోకి ఎక్కిన పేరు మన నోట్లోకీ రావాలిగా?

ఆ రోజు కౌంటర్లో అడిగాను, “ఈ స్లైడు ఎవరు చేశారండీ?” అని. లోపలి నుంచి నా వయసు కుర్రాడే గ్లోవ్స్ తీసుకుంటూ పరుగున వచ్చాడు. మొహంలో భయం.

“ఏమైనా మిస్టేక్ వచ్చిందా సార్?”

థ్యాంక్స్ చెబుదామని పిలిచానంటే నమ్మడానికి కాసేపు పట్టింది. అతన్ని పేరు పెట్టి పిలిచేది తప్పు జరిగినప్పుడే కాబోలు. మా గిట్‌లో ఆ కమాండ్‌కి ‘బ్లేమ్’ అని ఎందుకు పెట్టారో అప్పుడు అర్థమైంది.

ఈసారి మీరు రక్తపరీక్షకి వెళ్తే, సూది గుచ్చేవాళ్ల పేరు అడగండి. తప్పేం జరగకముందే.