డిస్కు మార్చినా దక్కని దత్తాంశం.. తొందరపాటే అసలు ముప్పు

ఎర్రదీపం వెలిగిన డిస్కును తీసి కొత్తది పెడితే చాలు, మిగతాది యంత్రమే చూసుకొంటుందన్న భరోసాతో ఫొటో స్టూడియోలు, ఆసుపత్రులు నాలుగేసి డిస్కుల పెట్టెలను కొంటున్నాయి. ఆ భరోసా ఎంత పలుచనిదో మా ప్రాంతంలోని ఓ స్టూడియో యజమానికి ఇటీవల తెలిసివచ్చింది. పాడైన డిస్కు స్థానంలో కొత్తది అమర్చారు. రాత్రంతా సాగిన పునర్నిర్మాణం తెల్లవారుజామున ఆగిపోయింది. మరో డిస్కు మొరాయించింది. నాలుగేళ్ల పెళ్లిళ్ల చిత్రాలు, ఇంకా అప్పగించని ఆల్బములు అందులోనే ఉన్నాయి. ఫోనులో అందుబాటులోకి వచ్చిన మెకానిక్ ‘అన్నీ చెరిపి మళ్లీ కొత్తగా అమర్చండి’ అని సలహా ఇచ్చారు. ఆ మీట నొక్కి ఉంటే కథ కంచికి చేరేదే.

రెయిడ్‌గా పిలిచే ఈ ఏర్పాటును అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయ పరిశోధకులు 1988లో ప్రతిపాదించారు. అందులో ఐదో పద్ధతి ప్రకారం, దత్తాంశంతోపాటు పారిటీ అనే లెక్కను డిస్కులన్నింటికీ పంచుతారు. ఒకటి పోతే మిగిలినవాటితో లెక్కగట్టి రాబట్టవచ్చు. రెండోదీ పోతే లెక్క తెగదు. చిక్కంతా పునర్నిర్మాణ వేళలోనే ఉంది. మిగిలిన డిస్కులను మొదటినుంచి చివరివరకు చదవాలి. అవన్నీ ఒకేసారి కొన్నవి, ఒకే వయసువి. ఏళ్లతరబడి ఎవరూ తెరవని మూలల్లోని లోపాలు సరిగ్గా అప్పుడే బయటపడతాయి. సాధారణ డిస్కుల్లో 100 లక్షల కోట్ల బిట్లకు, అంటే 12.5 టెరాబైట్లకు ఒక చదవలేని లోపం వరకు ఉండవచ్చని తయారీదారులే పత్రాల్లో రాస్తుంటారు. చదివే కొనుగోలుదారులెందరు?

పెద్దలకూ ఈ తిప్పలు తప్పలేదు. అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో 2010 ఆగస్టులో నిల్వ యంత్రంలోని మెమరీ బోర్డు చెడి, మరమ్మతు వికటించడంతో 26 ప్రభుత్వ విభాగాల పనులకు అంతరాయం కలిగింది. డ్రైవింగ్ లైసెన్సుల జారీ రోజులతరబడి నిలిచిపోయింది.

పునర్నిర్మాణం విఫలమైనప్పుడు మొట్టమొదట చేయాల్సింది విద్యుత్తు ఆపడం. ఏ డిస్కు ఏ అరలో ఉందో, దాని వరుస సంఖ్య ఏమిటో రాసిపెట్టుకోవాలి. పునర్నిర్మాణాన్ని మళ్లీ ప్రయత్నించడం, ఫైళ్ల వ్యవస్థను సరిచేసే ఆదేశాలు ఇవ్వడం కూడదు. అవి డిస్కులపై కొత్తగా రాస్తాయి. రాసినచోట పాతది దక్కదు. ప్రతి డిస్కుకూ అంతే పరిమాణమున్న లేదా పెద్దదైన మరో డిస్కుపైకి యథాతథ ప్రతి తీయాలి. ఉచితంగా లభించే డీడీరెస్క్యూ ఇందుకు ఉపకరిస్తుంది. అది బాగున్న భాగాలను ముందుగా తీసుకొని, మొండికేసిన చోట్లకు తర్వాత వస్తుంది. ఎంతవరకు వచ్చిందో నమోదు చేసుకొంటుంది కనుక మధ్యలో ఆపినా నష్టం లేదు. ఆపై ప్రయోగాలన్నీ ప్రతులపైనే చేయాలి. టకటకమని శబ్దం చేసే డిస్కు జోలికి మాత్రం పోరాదు. దానికి తిరిగి కరెంటు ఇవ్వకుండా ప్రయోగశాలకు పంపడమే మేలు. ఇంట్లో మూత తీసి చూసేవారూ ఉన్నారు, అది చేజేతులా చేసుకొన్న నష్టం.

మరో కిటుకు ఉంది. ముందుగా పోయిన డిస్కులో ఆ రోజుతోనే కాలం ఆగిపోయి ఉంటుంది. దాన్ని బలవంతంగా తిరిగి చేర్చితే పాతా కొత్తా కలగాపులగమవుతాయి. అలాగని పారేయనూ రాదు. రెండో డిస్కులో చదవలేని చోట్ల, అప్పటినుంచి మార్పు జరగని భాగాలను దాని ప్రతినుంచే పూడ్చుకోవచ్చు.

ఆ స్టూడియోలో జరిగింది ఇదే. బాగున్న రెండు డిస్కుల ప్రతులకు, మొరాయించినదాని ప్రతిని జతచేసి, డిస్కుల వరుస, పట్టీ పరిమాణం సరిపోల్చగా చాలామటుకు చిత్రాలు బయటపడ్డాయి. రెండు పెళ్లిళ్ల వీడియోలు అక్కడక్కడ తెగిపోయాయి. ఆ కుటుంబాలకు యజమాని స్వయంగా వెళ్లి విషయం చెప్పి, బయానా వెనక్కిచ్చారు.

వేరేచోట రెండో ప్రతి ఉండి ఉంటే ఈ ప్రయాస అంతా అక్కరలేకపోయేది. దక్షిణ కొరియాలోని డేజాన్ ప్రభుత్వ దత్తాంశ కేంద్రంలో 2025 సెప్టెంబరులో జరిగిన అగ్నిప్రమాదంలో ఉద్యోగుల దస్త్రాలు 858 టెరాబైట్లు బూడిదయ్యాయి. పరిమాణం ఎక్కువన్న కారణంతో వాటికి బయట ప్రతి తీయలేదు. స్టూడియో యజమాని ఇప్పుడు ప్రతి ఆదివారం ఒక డిస్కు నింపి బావమరిది ఇంట్లో దాచి వస్తున్నారు.