ఖైరాత్ కాదు, హక్!

చూపులేని బిడ్డ కనపడితే "బేచారా" అంటాం. తల నిమిరి దువా చేస్తాం. బస్, మన జిమ్మేదారీ ఖతమ్! స్కూలువాళ్లు "మా దగ్గర ఆ సౌకర్యం లేదమ్మా" అంటే సలాం చెప్పి వెనక్కి వచ్చేస్తాం.

ఎందుకు రావాలి? 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 17వ సెక్షన్ సాఫ్‌గా చెబుతోంది: 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న విద్యార్థులకు 18 ఏళ్లదాకా పుస్తకాలు, తగిన సహాయక పరికరాలు సర్కారే ముఫ్త్‌గా ఇవ్వాలి.

కొన్నింటికైతే పైసా ఖర్చు లేదు. కంప్యూటర్ తెరమీది అక్షరాలు చదివి వినిపించే ఎన్‌వీడీఏ ఉచితం. ఆండ్రాయిడ్ ఫోన్లలో టాక్‌బ్యాక్ ఉండనే ఉంది, తెలుగూ చదువుతుంది.

"ఫోన్ చదివిపెడితే అదేం తాలీమ్?" అని కొందరి ఏతరాజ్. మరి మీ కళ్లజోడో జనాబ్? అదీ పరికరమే కదా! పరీక్ష హాల్లో దాన్ని ఎవరైనా తీసేయమన్నారా?

అమ్మీలారా, అబ్బాలారా! వైకల్య సర్టిఫికెట్ జత చేసి దరఖాస్తు ఇవ్వండి. రసీదు తీసుకోండి. హెడ్మాస్టరు "చూద్దాం" అంటే "ఎప్పటిలోగా?" అనండి. తరస్ పడితే బిడ్డకు ఇల్మ్ రాదు. హక్ అడిగితేనే వస్తుంది.