ప్యాసేజీలో దొరికే జవాబు

ఇంగ్లిష్ చదివితే అర్థం కావాలంటే ప్యాసేజీలు ఎక్కువ చేయించాలి, కింది ప్రశ్నలకు జవాబులు ఎక్కువ రాయించాలి. ఇంగ్లిష్ పీరియడ్‌లో తెలుగు వినపడకూడదు. మన హైస్కూళ్లలోనూ ట్యూషన్లలోనూ ఎదురులేకుండా చెలామణీ అవుతున్న ఈ రెండు మాటలూ కలిసి పిల్లలకు చదవకుండానే జవాబు రాయడం నేర్పుతున్నాయి. ‘ది బ్లిమ్ గ్రాప్డ్ ఎ టోవ్ నియర్ ది ఫ్లిష్’ అని ఒక వాక్యం అనుకుందాం. బ్లిమ్, గ్రాప్, టోవ్, ఫ్లిష్ అన్నీ కల్పించిన మాటలు, వేటికీ అర్థం లేదు. ‘వేర్ డిడ్ ది బ్లిమ్ గ్రాప్ ది టోవ్?’ అని అడిగితే మాత్రం ఎనిమిదో తరగతి పిల్ల కూడా ‘నియర్ ది ఫ్లిష్’ అని రాసేస్తుంది. పేపరు దిద్దేవాళ్లు మార్కు వేయక తప్పదు. ప్రశ్నలోని మాటను ప్యాసేజీలో వెతుకు, అది కనపడిన లైను దించెయ్, ఖాళీ మాత్రం వదలకు అని పరీక్షల ముందు పిల్లలకు చెప్పే కిటుకు ఇదే. పాఠ్యపుస్తకంలోంచి ఇచ్చే సీన్ ప్యాసేజీకి ఆ వెతుకులాట కూడా అక్కర్లేదు, గైడులో జవాబు సిద్ధంగా ఉంటుంది.

ప్రశ్నలు వేయడం పరీక్షించడమే తప్ప నేర్పడం కాదన్న సంగతి కొత్తదేమీ కాదు. అమెరికాలో రీడింగ్ పరిశోధకురాలు డొలోరెస్ డర్కిన్ 1970ల చివర్లో నాలుగో తరగతి గదుల్లో కూర్చుని 4,469 నిమిషాల రీడింగ్ పాఠాలు గమనించింది. చదివినదాన్ని ఎలా అర్థం చేసుకోవాలో నేర్పడానికి వాటిలో ఖర్చయింది 20 నిమిషాలు. మిగతా సమయంలో ప్రశ్నలు, జవాబులు, తప్పొప్పులు దిద్దడం లాంటివే చాలా ఉన్నాయి. ఇక మన దేశం లెక్క చూద్దాం. 14 నుంచి 18 ఏళ్ల గ్రామీణ పిల్లల మీద 2023లో జరిగిన అసర్ విద్యా సర్వేలో ఇంగ్లిష్ వాక్యాలు చదవగలిగినవాళ్లు 57.3 శాతం. అలా చదివినవాళ్లలో అర్థం చెప్పగలిగింది 73.5 శాతం. అంటే గడగడా చదివిన ప్రతి నలుగురిలో ఒకరికి తాను చదివిందేమిటో తెలియదు. అవి పేరాలు కావు, చిన్న చిన్న వాక్యాలు. ఆ నాలుగో పిల్లవాడు సర్వే చేసినవాళ్ల కంటపడటానికి ఒకటే కారణం, వాళ్లు అర్థాన్ని పిల్లల సొంత భాషలో అడిగారు. మన తరగతి గదిలో ఆ ప్రశ్న అడగరు కాబట్టి అతను పదో తరగతి దాకా అందరితోపాటు నడిచి వస్తాడు.

తెలుగు రానిస్తే పిల్లలు దానిమీదే వాలిపోతారన్న భయం ఉంది. టీచరే ఒక్కో లైనూ చదివి తెలుగు చెప్పుకుంటూ పోయే పాత పద్ధతి గురించైతే ఆ భయం న్యాయమే, అక్కడా పిల్లలు చేసే పనేమీ లేదు. నేను అడుగుతున్నది వేరు. పేరా చదివాక పుస్తకం మూసి, అందులో ఏముందో పిల్లలు తమ మాటల్లో చెప్పాలి, ఒకరు చెప్పినదాన్ని ఇంకొకరు కాదనాలి, తేల్చుకోవడానికి మళ్లీ ఆ ఇంగ్లిష్ పేరాకే వెళ్లాలి. జవాబు ఇంగ్లిష్‌లో రాయడం ఆ తర్వాతి పని. తెలుగొకవైపు, ఇంగ్లిషొకవైపు అచ్చువేసిన పాఠ్యపుస్తకాలు రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ ఇప్పటికే పంచాయి. పుస్తకంలో ఒప్పుకున్న భాషను గదిలో నిషేధించడంలో అర్థమేముంది? ఇంట్లో కోయ, లంబాడీ, ఉర్దూ మాట్లాడే పిల్లలకు వాళ్ల భాషకూ అదే చోటివ్వాలి.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం మార్కులది. ఇంట్లో ఇంగ్లిష్ చెప్పేవాళ్లు లేని పిల్లలకు పాస్ కావడమే పెద్ద గండం, కిటుకు వాళ్లను గట్టెక్కిస్తోంది కదా అంటారు. గట్టెక్కిస్తోంది, నిజమే. కానీ ఆ ఒడ్డున ఇంటర్ ఫిజిక్స్ పుస్తకం ఉంది. అందులో ప్రతి పేరా కిందా లైను చూపించే ప్రశ్న ఉండదు. ఈ పేరా ఏం చెబుతోంది, ముందు చెప్పినదానికీ దీనికీ పొత్తు ఎక్కడ అని తనను తానే ప్రశ్నించుకోవాలి. ఐదేళ్లు లైన్లు దించిన పిల్లవాడికి ఆ అలవాటు ఎక్కడినుంచి వస్తుంది? ఇంట్లో మాట్లాడి సరిదిద్దేవాళ్లున్న పిల్లలు ఈ లోటు ఎలాగో పూడ్చుకుంటారు. ఎవరి పేరు చెప్పి కిటుకును సమర్థిస్తున్నామో, దాని నష్టం మొత్తం వాళ్ల నెత్తినే పడుతోంది. రాత ప్రశ్నల సంగతీ ఇంతే. ఉత్తరమైనా డైరీ అయినా చుట్టూ ఉండే చట్రం బట్టీ వచ్చేసి ఉంటుంది, లోపల చెప్పాల్సిన మాట దగ్గర పెన్ను ఆగిపోతుంది. తనకేమనిపించిందో ఏ భాషలోనూ ఎవరూ అడగని పిల్ల, పరీక్ష హాల్లో ఉన్నట్టుండి ఇంగ్లిష్‌లో ఎలా చెబుతుంది?

పరీక్ష మారకుండా టీచర్లనొక్కళ్లనే మారమంటే అన్యాయం. సిలబస్ అయిపోవాలి, రిజల్ట్స్ చూపించాలి, నిండిన తరగతిలో అందరిచేతా మాట్లాడించాలి. అందుకే పదో తరగతి పబ్లిక్ పరీక్షలో మొదలుపెట్టాలి. ఒక అన్‌సీన్ ప్యాసేజీ కింద, దించడానికి లైను దొరకని ప్రశ్న ఒక్కటి ఇచ్చి, దానికి జవాబు పిల్లలు తమ మాధ్యమ భాషలోనో, ఇంటి భాషలోనో రాసుకోనివ్వాలి. స్పాట్ వాల్యుయేషన్‌కు కూర్చునేది ఇక్కడి ఇంగ్లిష్ టీచర్లే. తెలుగులో రాసిన నాలుగు వాక్యాలు చదివి, ఈ పిల్లకు ప్యాసేజీ అర్థమైందో లేదో వాళ్లు నిమిషంలో చెప్పగలరు.