విద్యుద్రథముల వెల

పఠనమందిరములలో ఈ పత్రికను చదువువారిలో నూటికొక్కరైనను కోటి రూపాయల మోటారుబండి కొనజాలరని మేమెరుగుదుము. అయినను అట్టి బండ్ల గుణదోషములను ఈ వారము విచారింప బూనితిమి. ఏలయన, ధనికుడు కొను విలాసవాహనము అతని స్వవిషయమే యైనను, దానిపై ప్రభుత్వము వదలుకొను పన్ను అతని స్వవిషయము గాదు. అది మనయందరి బొక్కసమునకు రావలసిన సొమ్ము. ఇది యొక కారణము. పరదేశపు ముద్ర యున్నదే మేలైనదను భ్రమ మన పట్టణవాసులలో ఇంకను తీరకుండుట రెండవ కారణము. విద్యుచ్ఛక్తితో నడచు పెద్దకార్ల విషయమున ఆ భ్రమను లెక్కలతో పరీక్షించుటకు వలసిన సామగ్రి ఇప్పుడు చేకూరినది.

2024వ సంవత్సరము నవంబరు 26వ తేదీన మహీంద్రావారు రెండు విద్యుద్వాహనములను చెన్నపట్టణమున లోకమునకు చూపిరి. అందొకటి ఎక్స్.ఇ.వి. 9ఇ, రెండవది నేడు బి.ఇ. 6 అను పేర అమ్ముడగుచున్నది. (ఈ రెండవదానికి మొదట పెట్టిన పేరులో నొక అక్షరమును గూర్చి విమానములు నడపు సంస్థతో తగవు రాగా, ఆ అక్షరమును వదలుకొనవలసి వచ్చినది. బండికి దానివలన వచ్చిన లోటేమియు లేదు.) పిదప 2025 జూను 3వ తేదీన టాటావారి హ్యారియర్ బండి విద్యుద్రూపమున వెలువడెను. వీనిలో మేలిరకముల ధర విడుదలకాలమున మహీంద్రా 9ఇకి 30 లక్షల 50 వేలు, నాలుగు చక్రములకును శక్తినిచ్చు హ్యారియర్‌కు 28 లక్షల 99 వేలు. ఇంచుమించుగా అదే కాలమున విదేశపు బండ్లు ఎట్టి ధరకు వచ్చినవో చూతము. మెర్సిడెస్ ఇ.క్యు.ఎస్. 580 ఎస్‌యూవీ 2024 సెప్టెంబరులో కోటి 41 లక్షలకు, కియా ఇ.వి. 9 అక్టోబరులో కోటి 30 లక్షలకు, బి.ఎం.డబ్ల్యు. ఐఎక్స్1 పొడుగుబండి 2025 జనవరిలో 49 లక్షలకు; అమెరికావారి టెస్లా మోడల్ వై జూలైలో సుమారు 60 లక్షలకు.

మొదట వేగమును చూతము. నిలిచియున్న బండి గంటకు 100 కిలోమీటర్ల వేగమందుకొనుటకు మెర్సిడెస్‌కు 4.7 సెకండ్లు, కియాకు 5.3, టెస్లాకు 5.9, హ్యారియర్‌కు 6.3, మహీంద్రాకు 6.8 పట్టునని తయారీదారులే చెప్పుకొనిరి. బి.ఎం.డబ్ల్యు. ఐఎక్స్1కు 8.6 సెకండ్లు! అనగా 29 లక్షల స్వదేశపు బండి 49 లక్షల జర్మనీ బండిని రెండు సెకండ్లకు మించి వెనుక వేయుచున్నది. పదునైదేండ్ల క్రిందట ఈ మాట వ్రాసియున్నచో చదువరులు నవ్వియుందురు. కోటి 41 లక్షల మెర్సిడెస్ మాత్రము మహీంద్రాకంటె రెండు సెకండ్లు ముందే యున్నది. అయితే ఆ రెండు సెకండ్లకు కోటి పది లక్షలు చెల్లించువారు వానిని ఏ బాటపై వాడుకొందురు? ఎల్బీనగరు కూడలిలోనా? బెంజిసర్కిలు వద్దనా?

ఇక దూరము. ఒకసారి ఛార్జి నింపినచో మెర్సిడెస్ 809 కిలోమీటర్లును, మహీంద్రా 9ఇ 656 కిలోమీటర్లును, హ్యారియర్ 627 వరకును పోవునని పరీక్షాపత్రములు చెప్పుచున్నవి. మెర్సిడెస్ బ్యాటరీ 122 యూనిట్లది, మహీంద్రాది 79 యూనిట్లది. భాగించి చూడగా జర్మనీ బండికి యూనిటుకు ఆరున్నర కిలోమీటర్లకు కొంచెము పైన, మనదానికి ఎనిమిదికి పైన వచ్చుచున్నది. పరీక్షాపద్ధతులలో భేదములుండును గనుక ఈ లెక్కను గట్టిగా పట్టుకొనరాదు గాని, సుమారు 2800 కిలోల బరువుగల బండి యూనిటుకు తక్కువ దూరమే పోవుట సహజము. బాటమీద ఈ అంకెలు ఎవరికిని దక్కవు. మహీంద్రావారే తమ పెద్దబ్యాటరీ బండి నిజముగా 500కు పైగా పోవునని మాత్రమే చెప్పిరి. టాటావారును వాడుకలో దూరము 500కు అటునిటుగనే యుండునని నిజాయితీగా అంచనా వేసిరి. ఇట్లు చెప్పుట ప్రశంసనీయము. హైదరాబాదునుండి బెజవాడకు సుమారు 270 కిలోమీటర్లు. ఈ బండ్లలో నేదియైనను దారిలో ఆగకుండ చేర్చును. విశాఖకు 600 పైచిలుకు. కోటి రూపాయల బండిని నమ్ముకొనియైనను ఒక్క ఊపున బయలుదేరుట సాహసమే. కావున నడుమ నొకచోట ఛార్జికి ఆగవలసినదే. అచ్చటనే యసలు చిక్కు. మహీంద్రా బ్యాటరీ నూటికి ఇరువదినుండి ఎనుబది వరకు 20 నిమిషములలో నిండునట. కాని అది 175 కిలోవాట్ల యంత్రము దొరకినప్పటి మాట. 60 కిలోవాట్లదే తటస్థించెనేని ఆ 20 నిమిషములు ముప్పాతికగంట దాటును. 350 కిలోవాట్ల యంత్రముపై 24 నిమిషములలో నిండు కియాకును గతి యింతే. ప్రభువు వాహనమును, గుమాస్తా వాహనమును అదే యంత్రముకడ వరుసలో నిలువవలసినదే. బండి యెంత గొప్పదైనను బాటప్రక్కనున్న యంత్రముకంటె త్వరగా నిండజాలదు.

మరి ఆ కోటి రూపాయలకు దొరకునదేమి? ఏమియు దొరకదనుట అన్యాయము. గాలి స్ప్రింగులపై తేలిపోవు మెత్తని నడక, వెనుక చక్రములును పది డిగ్రీలవరకు తిరుగుటచే ఇరుకు సందులలో సులువుగా మలుపుకొను నేర్పు, ఏడుగురు కూర్చుండు చోటు మెర్సిడెస్‌యందు గలవు. కియాయందు నడుమ వరుసలో పడకకుర్చీలవంటి ఆసనములున్నవి. ఐఎక్స్1 వెనుక ఆసనము విశాలమగుటచే, స్వయముగా నడపక డ్రైవరుచే నడపించుకొను మన షావుకార్లకు అది నిజముగా అనుకూలము. కాని తెరలు, దీపములు, పాటల పెట్టెలు, కెమెరాల సంగతికి వచ్చినచో, 12.3 అంగుళముల తెరలు మూడింటిని మహీంద్రావారు వరుసగా పరచిరి. కరెంటు పోయినపుడు బండి బ్యాటరీనుండియే గృహోపకరణములు నడుపుకొను వసతి హ్యారియర్‌లో నున్నది. మన పట్టణములయందు ఇది అన్ని తెరలకంటె పనికివచ్చునది. ప్రాణరక్షణ విషయమున, పెద్దల రక్షణపరీక్షలో ఈ రెండు స్వదేశపు బండ్లకును భారత్ ఎన్‌క్యాప్‌వారు 32కు 32 మార్కులిచ్చిరి. బ్యాటరీకి మెర్సిడెస్‌వారు పదేండ్ల పూచీ యియ్యగా, మహీంద్రా, టాటావారు మొదటి సొంతదారునికి బండి బ్రతికియున్నంత కాలమును పూచీపడిరి. విద్యుద్వాహనమున అన్నిటికంటె వెలగల భాగము బ్యాటరీయే గదా! కొనువాడు మొట్టమొదట చదువవలసిన కాగితము ఈ పూచీపత్రము; తోలు ఆసనముల రంగు గాదు.

అవసరమే కొలతగా పెట్టుకొన్నవానికి 30 లక్షలలోపు స్వదేశపు బండి చాలునని, ఆపైన చెల్లించు సొమ్ములో అధికభాగము ముద్రకు చెల్లునదేయని మా నిశ్చయము. ఇంతవరకు స్వదేశాభిమాని గర్వపడవచ్చును. ఇక తలవంచుకొనవలసిన భాగము కలదు.

స్వదేశపు బండి యనగానేమి? మెర్సిడెస్ బండిని గూడ పూనా చేరువ చాకన్‌లో, మహీంద్రావారి కర్మాగారమున్న ఆ చాకన్‌లోనే, విడిభాగములు తెప్పించి కూర్చిరి. ఐఎక్స్1ను చెన్నపట్టణమున కూర్చుచున్నారు. కూర్పుటకును, తయారుచేయుటకును భేదమున్నది. కియావారి కథ మన తెలుగునాటిది. విజయనగర రాయలకు రెండవ రాజధానియైన పెనుకొండలో వారి కర్మాగారము 2019 నుండి పనిచేయుచున్నది. అచ్చటి మన పనివాండ్రు 2025లో క్లావిస్ ఇ.వి. యను సరసమైన విద్యుద్వాహనమునుగూడ తయారుచేసిరి. కాని ఆ సంస్థవారి కోటి 30 లక్షల ఇ.వి. 9 మాత్రము పూర్తిగా తయారై కొరియానుండి ఓడయెక్కి వచ్చినది. లాభము హెచ్చుగానున్న పని వారి దేశమున, చౌకపని మన దేశమున! టెస్లాబండ్లు షాంఘైనుండి వచ్చినవి. 2025లో నూటికి 70 పాళ్ల దిగుమతి సుంకమే వాని ధరను అంతకు పెంచినది. 4,150 కోట్ల రూపాయలు పెట్టి ఇచ్చట కర్మాగారము స్థాపించువారికి ఆ సుంకమును నూటికి 15కు తగ్గించెదమని 2024 మార్చిలో ఢిల్లీ ప్రభుత్వము పథకము వేసినది. ఆ షరతును సడలింపరాదని మేము కోరుచున్నాము.

మన బండ్ల లోపలి సంగతి యింకను బాధాకరము. మహీంద్రావారి బ్యాటరీలోని సెల్లులు చైనాదేశపు బి.వై.డి. సంస్థనుండి వచ్చినవి. అదే సంస్థ హైదరాబాదులోని మేఘా ఇంజనీరింగువారితో కలసి నూరు కోట్ల డాలర్లతో కర్మాగారము పెట్టెదనని ప్రతిపాదింపగా, 2023లో భారతప్రభుత్వము నిరాకరించెను. సరిహద్దున సైన్యములు మోహరించియున్న కాలమున ఆ నిరాకరణమును మేము తప్పుపట్టము. కాని వాకిలి మూసి దొడ్డిదారి తెరచియుంచినచో వచ్చు రక్షణయేమి? 2025 ఏప్రిలులో చైనావారు మోటార్లకు వలయు అయస్కాంతముల యెగుమతిని బిగింపగా, మన వాహనకర్మాగారములు కొన్ని నెలలపాటు దిక్కులు చూచినవి. అయస్కాంతములకు మూలమైన మోనజైటు మన శ్రీకాకుళము, భీమునిపట్టణపు తీరముల యిసుకలోనే యున్నది! విశాఖలో ఐ.ఆర్.ఇ.ఎల్. వారు 2023లో నెలకొల్పిన అయస్కాంత కర్మాగారము సంవత్సరమునకు మూడు వేల కిలోలది. అదియును మోటారుబండ్లకు ముఖ్యముగ వాడు రకముగాదు. ఈ అయస్కాంతముల తయారీకై 2025 నవంబరులో ఢిల్లీ మంత్రివర్గము 7,280 కోట్లు కేటాయించినది. ఆలస్యమైనను మంచిపని. సెల్లుల విషయమున మహబూబునగరు చెంత దివిటిపల్లిలో 2023లో శంకుస్థాపనము జరిగిన అమరరాజావారి కర్మాగారముపై మేము ఆశ పెట్టుకొనియున్నాము. దివిటిపల్లి సెల్లు మన బండిలో చేరిననాడే ఆ బండిని సంపూర్ణముగా మనదని చెప్పుకొనగలము.

తుదకు పన్ను సంగతి. పెద్ద పెట్రోలుకార్లపై 2025 సెప్టెంబరునుండి జి.ఎస్.టి. నూటికి 40, విద్యుద్వాహనముపై, వెల యెంతయైనను, నూటికి అయిదే. తెలంగాణ ప్రభుత్వము 2024 నవంబరు 18 మొదలు 2026 డిసెంబరు 31 వరకు విద్యుద్వాహనములకు రోడ్డుపన్నును సంపూర్ణముగా మినహాయించుచు ఉత్తరువు చేసినది. ఆటోకును, బస్సునకును, కోటి 41 లక్షల మెర్సిడెస్‌కును ఒకటే న్యాయము! ఇరువదిలక్షలకు పైబడిన కార్లకు ఆ రాష్ట్రమున 2022 నాటి రేటు నూటికి 18. ఆ లెక్కను ఒక్క మెర్సిడెస్‌పై వదలుకొన్నది 25 లక్షలకు పైమాట. విలాసవాహనములను ధనికులు ముందుగా కొన్నచో కాలక్రమమున అందరికిని ధరలు తగ్గునని కొందరందురు. చవుకబండ్ల విషయమున ఈ వాదము కొంత నిజము. కాని కోటి 41 లక్షలు లెక్కపెట్టగలవాడు పన్నుకు జంకి పెట్రోలుబండి కొనునా? పొగ తగ్గింపవలెనన్నచో, దినమునకు నూరు కిలోమీటర్లు తిరుగు ఆటోను, వందలమందిని మోయు బస్సును మార్చుట మేలు గాని, వారమునకు రెండుమార్లు క్లబ్బునకు పోవు కారును మార్చుటచే ఒరుగునదేమి?

కన్నడరాష్ట్రమువారు 2024లోనే 25 లక్షలకు మించిన విద్యుద్వాహనములపై నూటికి 10 చొప్పున పన్ను విధించిరి. మన యేలికలకు ఆ దారి కష్టమైనది గాదు. ఉత్తరువును మరల వ్రాయునపుడు వెలనుబట్టి తరగతులు చేయవలయును. ఆటోలకు, బస్సులకు, ద్విచక్రములకు, 25 లక్షలలోపు కార్లకు మినహాయింపు నిలుపవలయును. ఆపైవానినుండి పూర్తిపన్ను వసూలుచేసి ఆ సొమ్మును ప్రత్యేకముగా ఒక పద్దున నుంచి, హైదరాబాదు–బెజవాడ–విశాఖ బాటపై పెద్ద ఛార్జింగుయంత్రములకును, పేద ఆటోవాండ్ర ఋణములకును వినియోగింపవలయును. విద్యుత్తుతో నడచు ఆటో యొకటి సుమారు నాలుగు లక్షలకు దొరకుచున్నది. ఒక్క మెర్సిడెస్‌పై వదలుకొన్న పన్నుతో ఆరు ఆటోలు వచ్చును. శాసనసభలో ఈ ప్రశ్నను అడుగు సభ్యుని పేరు ఈ పత్రికయందు ఆనందముతో ప్రకటింతుము.