ఊరు పేరు లేని వార్త

మన్యములో ఒకప్పుడు వార్త నడచి వచ్చెడిది. కొండ దిగి సంతకు పోయినవాడు ఉప్పుతోపాటు నాలుగు కబుర్లు మూటగట్టుకొని వచ్చెడివాడు. వాడెవరో, ఎవరి కొడుకో, వాని మాటలో ఎన్ని పాళ్ళు నిజముండునో గూడెమునకు తెలియును. 1922 అక్టోబరులో అడ్డతీగల, రంపచోడవరము పోలీసు స్టేషన్లపై దాడులు జరిపిన అల్లూరి సీతారామరాజు ముందుగా ‘మిరపకాయ టపా’ పంపెడివాడని నేటికిని చెప్పుకొందురు. పంపినవాడెవడో దాచని కబురది.

నేడు మారేడుమిల్లికి వార్త వచ్చు తీరు వేరు. చింతూరు వైపు పోవు ఘాటు రోడ్డు మలుపులలోను, లోపలి గూడెములలోను ఫోనుకు సిగ్నలు అందని చోట్లు కలవు. సిగ్నలున్న చోటికి చేరినంతనే వాట్సాప్ సందేశములు ఒక్కుమ్మడిగా దిగును. చూచినవాడు ఇంటికి పోయి నలుగురికి చెప్పును. ఎక్కడినుండియో వచ్చిన మాటకు ఆ విధముగా మనవాని నోరు దొరకును. పుట్టించినవాడెవడో ఎవరికిని తెలియదు. అయినను చెప్పినవాడు తెలిసినవాడు గనుక నమ్మకము కుదురును. పట్టణములలోను ఇంతే. అక్కడ బాబాయి గారు కుటుంబపు గ్రూపులో పెట్టుదురు. విద్యార్థి వ్రాతలో ఒక దీర్ఘము తప్పినచో ఊరుకొనని పండితులే అట్టి సందేశములను తుదివరకు చదువకయే ముందుకు నెట్టుట నేనెరుగుదును.

ఇది ఎంతవరకు పోగలదో 2018లో తెలుగువారు చూచినారు. ఆ వేసవిలో, పిల్లలనెత్తుకొనిపోయి అవయవములు కోసికొను ముఠాలు దిగినవని, ‘పార్థీ గ్యాంగు’ వచ్చినదని రెండు రాష్ట్రములలోను నీలివార్తలు చెలరేగినవి. మే నెలలో హైదరాబాదు చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపినది. జూలైలో స్నేహితులతో కర్ణాటకలోని బీదరు జిల్లాకు పోయిన హైదరాబాదు ఇంజనీరొకరు, వారిలో ఒకరు పిల్లలకు చాక్లెట్లు పంచిన పాపమునకు, ప్రాణము కోల్పోయినారు.

ఆనాడు దేశమంతట తిరిగిన ఒక వీడియోను పరిశీలింపుడు. వీధిలో పిల్లలు క్రికెట్ ఆడుచుందురు. మోటారు సైకిలుపై ఇద్దరు వచ్చి ఒక పిల్లవానిని లాగుకొని పోదురు. అంతే. తల్లి అయినవారి గుండె ఝల్లుమనును. అది పాకిస్తానులోని కరాచీలో, తప్పిపోయిన పిల్లలకై పనిచేయు రోష్నీ హెల్ప్‌లైన్ అను సంస్థ 2016లో ప్రజలను హెచ్చరించుటకై తీయించిన చిత్రము. అసలు చిత్రములో ఆ ఇద్దరును తిరిగి వచ్చి, పిల్లవానిని దింపి, హెచ్చరిక వ్రాసిన అట్టను చూపుదురు. ఆ చివరి ముక్కను ఎవరో కత్తిరించినారు. దృశ్యములో కొత్తగా ఏదియు కల్పింపలేదు. ఉన్నదానిలో కొంత తీసివేసినారు. సుమతీ శతకములోని ఒక పద్యమునకు మనమును ఇట్టి కత్తెరయే వేయుచున్నాము. ఎవరేమి చెప్పినను వినుమను భాగము అందరికి నోట నుండును. తొందరపడక నిజమును కల్లను వేరుచేయుమను తక్కిన భాగము బడి దాటగనే జారిపోవును.

2018 జూలై 1వ తేదీన మహారాష్ట్రలోని ధులే జిల్లా రాయిన్‌పాడాలో జరిగినది మనము ప్రత్యేకముగ తెలిసికొనవలెను. అదియు మన మన్యపు ఊళ్ళవలె గిరిజన గ్రామము. ఆనాడు వారపు సంత. భిక్షాటనతో బ్రతుకు సంచారజాతివారు ఐదుగురు బస్సు దిగినారు. వారిలో ఒకరు ఒక చిన్నపిల్లతో మాటాడబోయినారు. గుంపు మూగినది, గ్రామ పంచాయతీ కార్యాలయములోనికి ఈడ్చి ఐదుగురిని కొట్టి చంపినది.

సంతకు అపరిచితుడు రాకుండునా? అపరిచితుడు లేనిది సంతయే కాదు. ఏజన్సీ సంతలకు మైదానపు వర్తకులు వత్తురు. మారేడుమిల్లికి బొంగు చికెను కోరి కార్లలో వచ్చు యాత్రికులు సరేసరి. కొండ దిగి, భాష వేరైన ఊరికి కూలికి పోయిన కోయ యువకుడు అక్కడ తానే అపరిచితుడు.

ఇంకొకటి. నీలివార్త అందరిపై ఒకే తీరుగా వ్రాలదు. పార్థీలు ఆంగ్లేయుల నేరస్థ జాతుల చట్టము పుట్టుకతోనే దొంగలని ముద్రవేసిన వారిలోనివారు. 1871లో మొదలైన ఆ చట్టము 1952లో రద్దయినది. వారి పేరు మాత్రము 2018లోను పిల్లలను, పెద్దలను భయపెట్టుటకు పనికివచ్చినది.

2018 జూలైలో వాట్సాప్ సంస్థ భారతదేశములో ఒక సందేశమును ఒక్కమారు ఐదింటికి మించి పంపరాదని కట్టడి చేసినది. పరాయి సందేశమునకు ‘ఫార్వర్డెడ్’ అను గుర్తు తగిలించినది. మంచిదే. కాని చదివి వినిపించినపుడు ఆ గుర్తు చెవికి వినపడదు.

అంతకన్న ముందే గద్వాలలో వేరొక పని జరిగినది. వేసవిలో ఆరుబయట పండుకొను జనము తలుపులు బిగించుకొనుటను గ్రామ కానిస్టేబుళ్ళు గమనించినారు. ఏమని అడుగగా ఫోనులోని దృశ్యములు చూపినారు. జోగులాంబ గద్వాల జిల్లా పోలీసు సూపరింటెండెంటు రెమా రాజేశ్వరి ప్రకటన ఒకటి పడవేసి ఊరుకొనలేదు. ఊరూర డప్పు కొట్టించినారు. జానపద కళాకారులచే పాటలు పాడించినారు. ఊరికొక్కరుగ కేటాయించిన కానిస్టేబుళ్ళను ఇంటింటికి పంపినారు. సుమారు 400 గ్రామములున్న ఆమె పరిధిలో ఆ పుకార్లకు ఒక్క ప్రాణమును పోలేదు. చెప్పినవారి ముఖము, పేరు ఊరికి తెలియుట అక్కడ పనిచేసినదని నా అభిప్రాయము.

కొండ గూడెములో అట్టి మనిషి బడిపంతులు. ఫోను చేతబట్టుకొని ‘ఇది నిజమేనా మాస్టారూ?’ అని అడుగ వచ్చువారు ఆయన వద్దకే వత్తురు. అపుడు అవును కాదని చెప్పుటకన్న, అడిగినవానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఆ దృశ్యమును మరల చూపించుట మేలు. దుకాణపు బోర్డు ఏ లిపిలో ఉన్నది? బండి నంబరు ఏ రాష్ట్రపుది? తేదీ, ఊరు ఎక్కడైన ఉన్నవా? ఒక్కసారిగ తెగిపోయినచో తరువాతి ముక్క ఏమైనది? పదవ తరగతి పిల్లలు ఇవి మనకన్న త్వరగా పట్టుదురు. ఫొటోను గూగుల్‌లో పెట్టి అది మొదట ఎప్పుడు వచ్చినదో వెదకుటయు వారికి నేర్పవచ్చును. హైదరాబాదులోని ఫ్యాక్ట్‌లీ వంటి సంస్థలు ఇట్టివానిని పరిశీలించి తెలుగులోనే ప్రకటించుచున్నవి.

పిల్లల విషయమున నిజముగ అనుమానము కలిగినచో 1098కి గాని 112కి గాని ఫోను చేయవలెను. సిగ్నలు అందని చోట, ఎవరైనను కొండ ఎక్కి పోయి ఫోను చేసి వచ్చులోపల, ఆ కొత్త మనిషికి కూర్చుండ చోటిచ్చి, మంచినీళ్ళిచ్చి, ఏ ఊరినుండి, ఎవరికై వచ్చినారో అడుగవచ్చును.