పరుల వీరులు, మన కలములు

అమీరుపేట మైత్రీవనము మొదలుకొని పంజాగుట్ట వఱకు గల వీథులలో కంప్యూటరు విద్య నేర్పు శిక్షణశాలలును, వానిని నమ్ముకొని జిల్లాలనుండి వచ్చిన యువజనులు వసించు హాస్టళ్లును క్రిక్కిఱిసి యున్నవి. పగలెల్ల పాఠము, రాత్రి యైనచో సినిమాల ముచ్చట. ఈ వయసువారిలో రచనాసక్తి గలవారిని నేడు లోకమంతట నాకర్షించుచున్న వ్యాసంగ మొకటి కలదు. దానిని ఫ్యాన్ ఫిక్షన్ అందురు. అభిమాన కథ యని మనము చెప్పుకొనవచ్చును. ప్రసిద్ధుడైన యొక సూపర్‌హీరోను గైకొని, ఆతని లోకమునుండి తప్పించి వేఱొక జగత్తున నిలుపుదురు. శిశువైన సూపర్‌మ్యాన్ అమెరికాలోని కాన్సాస్ పొలములలో గాక మూసీ యొడ్డున దిగియుండినచో నేమగును? ఒకరు తొలి ప్రకరణము వ్రాయుదురు, మఱియొకరు సాగింతురు, వేఱొకరు దిద్దుదురు. పదిచేతుల పంట యది.

పెద్దలు దీనిని రెండు విధముల నిందింతురు. వృథా కాలక్షేపమని కొందఱు, దొంగతనమని కొందఱు. మొదటి నింద నిరాధారము. రెండవదానిలో కొంత నిజము గలదు. ఆ నిజమేదియో మన యువకులు చక్కగ నెఱుగవలయునని మా యభిప్రాయము.

ఒక కథ ననేకులు కలిసి నిర్మించుట మనకు క్రొత్త గాదు. నన్నయ 11వ శతాబ్దిన ఆరంభించి అరణ్యపర్వము నడుమ విడిచిన భారతమును, 13వ శతాబ్దిన తిక్కన విరాటపర్వమునుండి చేపట్టి 15 పర్వములు వ్రాసి ముగించెను. నడుమ మిగిలిన భాగమును 14వ శతాబ్దిన ఎఱ్ఱన పూరించి, దానిని నన్నయకు ప్రభువైన రాజరాజనరేంద్రునికే అంకిత మొనర్చెను. ముందు వ్రాసినవాని గౌరవము నిలుపుట యుమ్మడి రచనకు ప్రథమధర్మమని ఇంతకంటె చక్కగ నేర్పినవారు గలరా?

ఉన్న కథను వేఱు త్రోవ పట్టించుటయు మనకు క్రొత్త గాదు. వ్యాసుని భారతమున శశిరేఖ లేదు. గయుని నిమిత్తము కృష్ణార్జునులు పోరుటయు లేదు. ఐనను చిలకమర్తి లక్ష్మీనరసింహము గారి గయోపాఖ్యానము నాటకరంగమున దశాబ్దములు వర్ధిల్లెను. ఆ యితివృత్తమే 1963లో శ్రీకృష్ణార్జున యుద్ధము అను చిత్రమయ్యెను. 1957 నాటి మాయాబజారున పాండవు లైదుగురును తెరపై కనబడనే కనబడరు. వ్యాసు డెఱుగని శశిరేఖ మాత్రము తెలుగువారి ఇంటి యాడుబిడ్డ యైనది. 1980లో నందమూరి తారక రామారావు గారు నాయకులుగా నటించిన సూపర్‌మ్యాన్ చిత్రమున ఆ వీరునికి బలము ఆంజనేయుని వరమున లభించెను. కావున ఊహ విషయమున మన యువకులు ఎవరికిని బాకీపడలేదు.

బాకీ యున్నది హక్కు విషయమున. భారతము ఏ యొక్కరి సొత్తును గాదు. కనుకనే యెల్లరి సొత్తైనది. అమెరికా సూపర్‌హీరోల స్థితి యట్టిది గాదు. వారికి యజమానులు గలరు. సూపర్‌మ్యాన్ సోవియట్ దేశమున పెరిగియుండినచో నెట్లుండునో 2003లో ఆ యజమాని సంస్థయే కథగా వెలువరించి అమ్ముకొనినది. అట్టి యూహయే మన యువకుడు చేసి అచ్చొత్తి అమ్మబూనినచో ఒక్క నోటీసుతో ఆతని శ్రమ యంతయు నిలిచిపోవచ్చును. సూపర్‌హీరో అను మాటపైనే రెండు సంస్థలు కలిసి అమెరికాలో వ్యాపారచిహ్నపు హక్కును దశాబ్దముల తరబడి అనుభవించినవి. ఆ హక్కు 2024లో గాని రద్దు గాలేదు.

ఆ వీరుని సృజించినవారి గతియైనను తలపోయుడు. జెర్రీ సీగెల్, జో షూస్టర్ అను ఇరువురు యువకులు సూపర్‌మ్యాన్‌పై తమ హక్కును 130 డాలర్లకు అమ్ముకొనిరి. 1938లో ఆ వీరు డచ్చున వెలసి సంస్థకు కాసులవర్షము గురిపించెను. కర్తలు మాత్రము వ్యాజ్యములలో చిక్కి, తొలగింపబడిన తమ పేరును, ఏటేట కొంత భృతిని 1975 చివర గాని పొందజాలకపోయిరి. వ్రాసినవానికే నిలువనీడ దొరకని యింట, అభిమానియై వచ్చినవానికి దొరకునా?

మేము న్యాయవాదవృత్తియం దుండుటచే చట్టము మాట కొంత చెప్పవలసియున్నది. వట్టి ఊహకు, ఇతివృత్తమునకు కాపీరైటు లేదని ఆర్.జి. ఆనంద్ వ్యాజ్యమున 1978లో సుప్రీంకోర్టు నిర్ణయించినది. ఊహ ధరించిన రూపమునకే రక్షణ. అనగా అతిమానుషబలము గల వీరుని ఎవరైనను కల్పించుకొనవచ్చును. పరుని వీరునే పేరుతో, వేషముతో, పూర్వకథతో తెచ్చి వ్యాపారము సాగించుట ప్రమాదము. అది పరుని స్థలమున ఇల్లు కట్టుట వంటిది. యజమాని ఊరకుండునంతకాలము నివాసము. లేవు మన్ననాడు గోడలును మనవి గావు.

ఈ హెచ్చరిక మన పేటవారికి మఱింత యవసరము. అమీరుపేటలోనే సారథి స్టూడియో యున్నది. అచ్చటినుండి కూతవేటు దూరమున సినిమా సంస్థలు కథలకై వెదకుచున్నవి. 2024లో వచ్చిన హను-మాన్, కల్కి 2898 ఏ.డి. చిత్రములు హనుమంతుని, అశ్వత్థామను గైకొని క్రొత్త జగత్తులను కల్పించినవి. ఆ బీజములకు ఎవరి యనుమతియు నక్కఱలేదు. అవి హాస్టలు గదిలోని విద్యార్థికిని అంతే స్వాధీనములు. అయితే పదిమంది వ్రాసిన కథను ఒక్కడు తనదని విక్రయించినచో మిగిలిన తొమ్మండుగురి గతి యేమి?

కావున ఇట్టి రచనకు బూనువారికి మేము చెప్పునది యిది. అభ్యాసమునకై పరుల వీరులను గూర్చి వ్రాసికొనుడు. లోకమున కిచ్చుటకు మాత్రము మన పురాణముల, పల్లెకథల వీరులను, మీరే కల్పించిన వీరులను ఎన్నుకొనుడు. ఏ ప్రకరణ మెవరు వ్రాసిరో పేరు, తేదీ నాడే నమోదు చేయుడు. ఎవరి పాలెంతయో విడదీయరాని రచనను 1957 నాటి మన చట్టము ఉమ్మడి రచనగా నెంచును. కర్తలలో కడపట గతించినవాని యనంతరము 60 ఏండ్లు దానికి రక్షణ గలదు. హక్కుల బదిలీ సంతకముతో గూడిన వ్రాతమూలముననే చెల్లును. హక్కు నమ్మినను, ఇది నా రచన యని చెప్పుకొను స్వత్వము కర్తను విడువదు. ఈ నాలుగు మాట లెఱుగక సంతకము చేయకుడు.

తుదకొక మనవి. రోమను అక్షరములలో తెలుగు వ్రాయు అలవాటు మానుడు. మన లిపిలో వ్రాసిన కథనే రేపు గ్రంథాలయము దాచును, మీ తమ్ములు చదువుదురు. వీరుడు మనవాడు, భాష మనది, కర్తల పేర్లు నిలిచియున్నవి అనునట్టి ఉమ్మడి గ్రంథ మొకటి ఈ పేటలనుండి వెలువడినచో, దానికి స్వాగతము పలుకువారిలో మేము ముందుందుము.